హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అయ్యి నాలుగో రోజు, పొద్దున లేస్తే కళ్ళు తెరుచుకోవట్లేదు

బోడుప్పల్ బాలు · నవంబర్ 5, 2024

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు తప్పట్లేదు. దీపావళి మర్నాడు అంటే 1వ తారీఖు చేయించుకున్నా, ఎఫ్‌యూఈ, అంటే తల వెనక నుంచి వెంట్రుకల కుదుళ్ళు ఒక్కొక్కటిగా తీసి నాటడం, 2800 గ్రాఫ్టులు (అలా నాటే కుదుళ్ళు), ముందు భాగం ప్లస్ మధ్యలో కొంచెం. వయసు 31. పొద్దున 8కి కూర్చోబెడితే లేచేసరికి సాయంత్రం 6, మధ్యలో రెండు ఇడ్లీ పెట్టారు. మొదటి రెండ్రోజులు బాగానే ఉంది, ఓస్ ఇంతేనా అనుకున్నా. నిన్న నుదురు ఉబ్బింది, ఈరోజు ఆ వాపంతా కిందికి దిగి కళ్ళ మీద కూర్చుంది, ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది, కుడి కన్ను సందులోంచి చూస్తూ టైప్ చేస్తున్నా, తప్పులుంటే క్షమించండి. అద్దంలో చూసుకుంటే తేనెటీగలు కుట్టినోడిలా ఉన్నా. క్లినిక్ వాట్సాప్‌కి ఫొటో పెడితే "నార్మల్ సర్" అని ఒక్క ముక్క, పక్కన దండం బొమ్మ. డబ్బు కట్టేదాకా రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసినోళ్లు వీళ్లే, గ్రాఫ్ట్‌కి 45 చొప్పున లక్షా ఇరవై ఆరు వేలు.

అమ్మకి చెప్పలేదు. స్కిన్ అలర్జీకి ట్రీట్‌మెంట్ అన్నా. ఎల్లుండి ఊర్నుంచి వస్తానంటోంది.

ఇది నిజంగానే నార్మలా? ఇంకోటి, నిన్న క్లినిక్‌లో మొదటి వాష్ చేశారు, ఇవాళ్టి నుంచి ఇంట్లో నువ్వే రోజూ చేసుకో అన్నారు, నాకు చెయ్యి పెట్టాలంటేనే వణుకొస్తోంది.

బెంజిసర్కిల్ · నవంబర్ 5, 2024

నార్మలే బాబాయ్, కంగారు పడకు. నాకు 2021లో చేశారు, మూడో రోజు మా ఆవిడ నన్ను చూసి జడుసుకుంది. చేసేటప్పుడు తలలోకి మత్తుమందు, సెలైన్ బాగా ఎక్కిస్తారు కదా, ఆ నీరు ఎక్కడికి పోతుంది, మెల్లగా కిందికే దిగుతుంది, ముందు నుదురు తర్వాత ముక్కు మొదలు తర్వాత కళ్ళు తర్వాత బుగ్గలు. బుగ్గల దాకా వచ్చిందంటే ఇంక పోతున్నట్టే. ఆరేడు రోజులకి మాయం. ఐస్ పెట్టొచ్చు కానీ కనుబొమ్మల పైనా పక్కలా మాత్రమే, గుడ్డలో చుట్టి, గ్రాఫ్టులు పెట్టిన చోటికి అస్సలు పోవద్దు. వాపుని వేళ్ళతో నొక్కేటప్పుడు కూడా మధ్య నుంచి కణతల వైపుకే, పైకి నొక్కావో గ్రాఫ్టుల మీదకి పోతావు.

పడుకునేది ఎట్లా? చదునుగా పడుకున్నావనుకో వాపు ఎక్కువవుద్ది. నేను సోఫాలో వెనక్కి వాలి, మెడకి బస్సుల్లో పెట్టుకునే ఆ గుర్రపునాడా దిండు పెట్టుకుని వారం పడుకున్నా. నిద్రని పిలిస్తే వచ్చేది కాదు అనుకో.

గుండే నా గుండె (తిరుపతి) · నవంబర్ 5, 2024

ఊరి పేరులోనే బోడు పెట్టుకోని జుట్టు కోసం యుద్ధం ఏంది సామీ. నేను 29కే నున్నగా గీయించేసినా, షాంపూ ఖర్చు ల్యా, దువ్వెన ఖర్చు ల్యా.

స్కిన్ డాక్టరమ్మ · నవంబర్ 5, 2024

నేను డెర్మటాలజిస్ట్‌నే కానీ మీకు చేసిన డాక్టర్‌ని కాను, కాబట్టి ఇది మీ డాక్టర్ మాటకి బదులు కాదు. మూడు ప్రశ్నలు. జ్వరం ఉందా? నొప్పి రోజురోజుకీ తగ్గుతోందా పెరుగుతోందా? వాపు ఉన్న చోట ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉందా లేక మెత్తగా నీళ్ళ సంచిలా ఉందా? రెండు వైపులా మెత్తగా ఉండి నొప్పి లేకపోతే అది దిగుతున్న నీరే. ఒక్క వైపే ఎర్రగా వేడిగా ఉన్నా, చీము వచ్చినా, జ్వరం వచ్చినా, రెప్పలు చేత్తో విడదీసి చూసినప్పుడు చూపు మసకగా ఉన్నా ఇక్కడ రాస్తూ కూర్చోవద్దు, వెంటనే వెళ్ళండి. నాటిన చోట మధ్యలో ఎక్కడైనా చర్మం నల్లగా లేదా ఊదారంగులోకి మారుతున్నా అంతే, దానికి రేపు ఎల్లుండి అని లేదు.

వాపుకి మాత్రలు ఇచ్చారా? షుగర్ ఉందా?

బోడుప్పల్ బాలు · నవంబర్ 5, 2024

జ్వరం లేదు మేడమ్. నొప్పి తగ్గింది, వెనక భాగంలోనే కొంచెం మంట, పారాసిటమాల్‌తో ఆగుతోంది. రెండు వైపులా మెత్తగా ఉంది. ప్రెడ్నిసొలోన్ మూడు రోజులు ఇచ్చారు, అయిపోయింది, ఇంకో రెండ్రోజులు నేనే కొనుక్కుని వేసుకుందామా అనుకుంటున్నా. షుగర్ లేదు.

స్కిన్ డాక్టరమ్మ · నవంబర్ 5, 2024

వద్దు. స్టెరాయిడ్ మీ అంతట మీరు పొడిగించొద్దు. చదివేవాళ్ళలో షుగర్, అల్సర్ ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి మరీ గట్టిగా చెప్తున్నా, మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చాడని మింగేయకండి. వాపు తనంతట తను పోతుంది, నీళ్ళు బాగా తాగండి, ఉప్పు తగ్గించండి, ఆవకాయకి ఒక వారం సెలవివ్వండి.

సిద్దిపేట సాయి · నవంబర్ 6, 2024

అన్నా కడుగుడు గురించి నేను చెప్త, నాకు మార్చిల అయింది, మూడువేల చిల్లర గ్రాఫ్టులు, నేను గూడ మొదటిసారి బాత్రూంల అరగంట నిలవడ్డ చెయ్యి పెట్టలేక. ఫస్ట్ ముచ్చట, షవర్ కింద నిలవడకు, ఆ ధారకే ఊడతయేమో అన్న భయం నీకు ఎందుకు. చెంబు తీస్కో, గోరువెచ్చటి నీళ్ళు, మా అపార్ట్‌మెంట్ల బోరు నీళ్ళు ఉప్పగ ఉంటయి కాబట్టి నేనైతే పది రోజులు ఫిల్టర్ నీళ్ళే వాడిన, అది చాదస్తమేమో తెల్వదు. ముందు వాళ్ళిచ్చిన లోషనో ఫోమో ఉంటది గద, అది నాటిన కాడ ఉత్తగ పెట్టి ఇరవై నిమిషాలు ఇడ్సిపెట్టు, పెచ్చులు మెత్తవడ్తయి. తర్వాత బేబీ షాంపూ చెంబుల నీళ్ళల్ల కలిపి నురగ జేసి ఆ నురగను వేళ్ళతోని అద్దాలె, రుద్దొద్దు, అద్దుడే, పిల్లగానికి బొట్టు పెట్టినట్టు. మళ్ళ చెంబుతోని మెల్లగ పొయ్యాలె. వెనక భాగం, అదే వెంట్రుకలు తీసిన జాగ, అక్కడ మామూలుగ కడ్గొచ్చు ఏం గాదు. తువ్వాలతోని తుడ్వకు పైన, గాలికి ఆరనియ్. హెయిర్ డ్రయర్ వేడి గాలి అస్సల్ వద్దు.

ఇంకోటి, టీషర్ట్ ఏస్కోకు, గుండీల అంగీ ఏస్కో. నేను ఐదో దినం మర్శిపోయి బనీన్ తీస్తుంటె ముంగట జర గీక్కపోయి నెత్తురొచ్చింది, రెండు గ్రాఫ్టులు అక్కడ్నే పోయినయ్. ఒక్కోటి ఎంతకు కొన్ననో నాకు యాదికుంది కాబట్టి ఇంక బాధ.

బెంజిసర్కిల్ · నవంబర్ 6, 2024

కారు డోరు కూడా. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు తల కొట్టుకోవడం ఈ పది రోజుల్లోనే ఎక్కువ జరుగుద్ది, ఎందుకో తెలీదు.

బోడుప్పల్ బాలు · నవంబర్ 10, 2024

అప్‌డేట్. వాపు 7వ తారీఖుకి పూర్తిగా పోయింది. అమ్మ వచ్చింది, తలుపు తీయగానే చూసింది, అలర్జీ అన్న కథ రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. తిట్టలేదు, అది ఇంకా భయంగా ఉంది. "మీ నాన్నకి లేని సిగ్గు నీకెందుకురా" అని మాత్రం అంది, మళ్ళీ తనే చెంబుతో నీళ్ళు పోస్తోంది.

ఇప్పుడు కొత్త భయం. తొమ్మిదో రోజు. ఇవాళ కడుగుతుంటే పెచ్చు ఒకటి ఊడింది, దాంతో పాటు నాలుగైదు చిన్న వెంట్రుకలు కూడా, చివర తెల్లగా చిన్న ఉబ్బులా ఉంది. గ్రాఫ్టులే పోయాయా?

స్కిన్ డాక్టరమ్మ · నవంబర్ 10, 2024

రక్తం వచ్చిందా? రాకపోతే గ్రాఫ్ట్ పోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, గ్రాఫ్ట్ నిజంగా ఊడి వస్తే ఆ చోట రక్తం కనపడుతుంది, మొదటి వారంలో ముఖ్యంగా. మీరు చూసిన తెల్ల ఉబ్బు వెంట్రుక అడుగు భాగం మాత్రమే. దాన్ని పుట్టించే కుదురు చర్మం లోపల నాలుగైదు మిల్లీమీటర్ల లోతులో ఉండిపోతుంది. ఇలా కుదురు వదిలేసి వెంట్రుక ఒక్కటే రావడం ఇక ముందు చాలా చూస్తారు.

పెచ్చులు పదో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపు పోవాలి. రేపట్నుంచి నానబెట్టాక వేలి మెత్తటి భాగంతో మెల్లగా గుండ్రంగా రాయడం మొదలుపెట్టొచ్చు, గోరు తగలకూడదు. భయంతో మూడు వారాలు పెచ్చులు అలాగే ఉంచుకుని వచ్చేవాళ్ళని చూస్తుంటాను, కింద చీము పట్టేది అప్పుడే.

వీకెండ్ వీరయ్య · నవంబర్ 10, 2024

డాక్టర్ గారూ నాది అయ్యి ఆరు రోజులు, ఈ శనివారం ఫ్రెండ్ పెళ్లి, రెండు బీర్లు పర్లేదా? సిగరెట్ రోజుకి మూడే.

స్కిన్ డాక్టరమ్మ · నవంబర్ 10, 2024

బీరు ఇంకో వారం ఆగితే నష్టం లేదు, యాంటీబయాటిక్ కోర్సు కూడా నడుస్తుంటుంది కదా. సిగరెట్ మాత్రం మూడు కాదు ఒక్కటీ వద్దు. నికోటిన్ సన్న రక్తనాళాల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది, మీ గ్రాఫ్టులు ఇప్పుడు బతికేది ఆ నాళాల మీదే. కనీసం రెండు మూడు వారాలు.

ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగోడు · నవంబర్ 12, 2024

బాలూ నీకు కనీసం "నార్మల్ సర్" అన్నా వచ్చింది. నేను 2022లో ఇస్తాంబుల్ వెళ్ళా, ఇక్కడ్నుంచి మూడు గంటల ఫ్లైట్, హోటలు, కారు అన్నీ ప్యాకేజీలోనే, ఎయిర్‌పోర్టులో బోర్డు పట్టుకుని నిలబడ్డారు, రాజభోగం. క్లినిక్ పేరు రాయను. డాక్టర్ గారు వచ్చి పెన్నుతో గీత గీసి ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయారు, ఇంక నలుగురు టెక్నీషియన్లు, వాళ్ళ మాట నాకు రాదు నా మాట వాళ్ళకి రాదు. 4500 గ్రాఫ్టులు ఒక్క రోజులో అన్నారు, లెక్క ఎవరు చూశారు. మూడో రోజుకి ఫ్లైట్. అందరూ టోపీ తీయమంటారేమో అని నా భయం, తీరా చూస్తే విమానంలో సగం మంది నాలాగే తలకి నల్ల బ్యాండు కట్టుకుని ఉన్నారు, ఎవరి మొహం చూసినా గుమ్మడికాయే.

ముందు బాగానే వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ వెనక భాగం చిమ్మెటలు కొట్టేసిన ఉన్ని శాలువాలా అయింది. అక్కడ తీసింది మళ్ళీ మొలవదు కదా, చాలామందికి జీవితకాలానికి కలిపి ఐదారు వేల గ్రాఫ్టుల కంటే తీయలేరంట, నాకు ఒక్క రోజులోనే ఆ నిధి ఖాళీ చేశారు. ఇప్పుడు నడినెత్తి పలచబడుతోంది, అక్కడ వేయడానికి సరుకు లేదు. ఆఫ్టర్‌కేర్ అంటే ఏ షాంపూ అనే అందరూ అడుగుతారు, ఇంటికి వచ్చాక ఎనిమిదో రోజు చీముపొక్కులు లేస్తే ఎవరికి చూపించాలి అనేది ఎవరూ అడగరు. ఇక్కడి డాక్టరేమో "చేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళు" అంటాడు.

బెంజిసర్కిల్ · నవంబర్ 12, 2024

మన దగ్గర మాత్రం తక్కువ తిన్నారా, బ్యూటీ పార్లర్ పక్కన షట్టర్ తీసి చేసేవాళ్ళు ఉన్నారు. 2022లో ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) వాళ్ళు గైడ్‌లైన్స్ ఇచ్చారు కదా, శిక్షణ ఉన్న డాక్టరే చేయాలి, వర్క్‌షాపులు, యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకుంటే శిక్షణ కిందకి రాదు అని. ఎవరు చదివారు.

స్వామి శరణం సతీష్ · నవంబర్ 14, 2024

మధ్యలో దూరుతున్నా క్షమించాలి. నాకు అక్టోబర్ 18న అయింది. ఏటా మాల వేస్తా, ఈ శనివారం వేసుకోవాలి, 41 రోజులు తెల్లవారుజామున, సాయంత్రం చన్నీళ్ళ తలస్నానం. గురుస్వామి మానేయమంటే మానేయను, డాక్టరు మానేయమంటే ఆలోచిస్తా. చెప్పండి.

స్కిన్ డాక్టరమ్మ · నవంబర్ 14, 2024

శనివారానికి నాలుగు వారాలు దాటుతున్నాయి, పెచ్చులు పోయి చర్మం మూసుకుపోయి ఉంటే చన్నీళ్ళకి ఇబ్బంది లేదు. చెరువులోనో కాలవలోనో మునక మాత్రం ఇంకొన్నాళ్ళు వద్దు, బావి నీళ్ళో కుళాయి నీళ్ళో పోసుకోండి. విభూతి, గంధం నుదుటి వరకే, నాటిన గీత మీదకి పోనివ్వొద్దు. జుట్టు, గడ్డం తీయకపోవడం మీకు కలిసొచ్చేదే. అసలు నేను ఆలోచించేది ఇరుముడి గురించి, ఆ బరువు తల మీదే కదా. మీరు కొండకెళ్ళేసరికి రెండు నెలలు దాటుతుంది, అప్పటికి గ్రాఫ్టులు కదలవు, కానీ కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకోండి. నెత్తిన ఇంకా తిమ్మిరి ఉంటుంది కాబట్టి రాసుకుపోతున్నా మీకు తెలియదు. పంబ దగ్గర ఎండలో గుడ్డ కప్పుకోండి.

స్వామి శరణం సతీష్ · నవంబర్ 14, 2024

ఇరుముడి సంగతి మా క్లినిక్‌లో ఎవరికీ తట్టలేదు మేడమ్. స్వామి శరణం.

బోడుప్పల్ బాలు · నవంబర్ 25, 2024

24వ రోజు. ఊడిపోతోంది. పెచ్చులు పోయాక ఎంత ముచ్చటగా ఉందో, చిన్న చిన్న గడ్డంలా ముందంతా నిండుగా, రోజుకి పదిసార్లు అద్దం చూసుకునేవాడిని. నాలుగు రోజుల నుంచి దిండు నిండా అవే. ఇవాళ షాంపూ చేస్తే అరచేతి నిండా వచ్చాయి. రక్తం లేదు, అది చూశా. అయినా పాత వెంట్రుకలు, మధ్యలో నావి, ఒరిజినల్‌వి, అవి కూడా పోతున్నాయి. అమ్మ చూడకుండా దిండు కవర్ నేనే ఉతుక్కుంటున్నా. క్లినిక్‌కి ఫోన్ చేస్తే నార్మల్ సర్, పీఆర్‌పీ (మన రక్తంలోంచే తీసి నెత్తికి వేసే ఇంజెక్షన్లు) చేయించుకోండి సర్, ఆరు సెషన్ల ప్యాకేజీ ఉంది సర్.

సిద్దిపేట సాయి · నవంబర్ 25, 2024

ఇగ వచ్చినవా అసలు కథలకు. అన్నా ఇది అందరికీ అయితది. నాకు మూడు నెలలప్పుడు ఫొటో పంపుత చూడు, చేయించుకోక ముందు కంటె అద్వాన్నం. మా బామ్మర్ది "పైసలు వాపస్ ఇస్తరా బావా" అని అడిగిండు.

స్కిన్ డాక్టరమ్మ · నవంబర్ 25, 2024

కుదురుని ఒక చోట నుంచి పెరికి, గంటల తరబడి బయట ఉంచి, ఇంకో చోట నాటారు. ఆ దెబ్బకి అది విశ్రాంతి దశలోకి వెళ్ళిపోతుంది, పైన ఉన్న వెంట్రుకని వదిలేస్తుంది. వరి నారు పీకి మడిలో నాటితే కొన్నాళ్ళు వాడి పసుపెక్కి తర్వాత తేరుకుంటుంది కదా, ఇంచుమించు అదే. ఈ విశ్రాంతి సుమారు మూడు నెలలు. అందుకే కొత్త మొలక మూడో నెల చివరో నాలుగో నెలలోనో కనపడుతుంది, ఆరో నెలకి సగం, ఏడాదికి దాదాపు మొత్తం, నడినెత్తిన అయితే పదిహేను పద్దెనిమిది నెలలు కూడా పట్టొచ్చు. పక్కనున్న పాత వెంట్రుకలు రాలడాన్ని షాక్ లాస్ అంటాం, వాటిలో బలమైనవి తిరిగి వస్తాయి, అప్పటికే సన్నబడి పోవడానికి సిద్ధంగా ఉన్నవి కొన్ని రాకపోవచ్చు.

పీఆర్‌పీ కొందరికి కొంత ఉపయోగపడుతుంది, కానీ భయం మీద కొనాల్సిన వస్తువు కాదు. ఇప్పుడు మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, ఆ ఏమీ చేయకపోవడమే కష్టం. మినాక్సిడిల్ (తలకి రాసుకునే జుట్టు మందు) ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టమన్నారో చూసుకోండి, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల తర్వాత అంటారు. అది మొదలెట్టాక కూడా కొన్ని రాలతాయి, మళ్ళీ ఇక్కడికి పరిగెత్తుకు రావద్దు.

బోడుప్పల్ బాలు · నవంబర్ 25, 2024

వస్తా మేడమ్, తప్పకుండా వస్తా.

రెండు చక్రాలు · నవంబర్ 27, 2024

హెల్మెట్ ఎప్పుడు పెట్టుకోవచ్చు? నాకు పదకొండో రోజు. రోజూ బండి మీదే తిరగాలి, పెట్టుకోకపోతే చలానా, పెట్టుకుంటే గ్రాఫ్టులు.

బెంజిసర్కిల్ · నవంబర్ 27, 2024

రెండూ తప్పు. అడగాల్సింది బండి ఎప్పుడెక్కొచ్చు అని. నాకు మూడు వారాల దాకా వద్దన్నారు, బస్సుల్లో తిరిగా. హెల్మెట్ లేకుండా బండెక్కి కింద పడితే గ్రాఫ్టులు కాదు తలకాయే ఉండదు. తర్వాత కూడా ఒక సైజు పెద్దది కొని, లోపల శుభ్రంగా ఉతికి, నిలువుగా దించి నిలువుగా తీసేవాడిని, మెలి తిప్పకుండా.

కాకినాడ కోడలు · డిసెంబర్ 3, 2024

నమస్కారమండీ. మా వారికి ఆగస్టులో చేయించారు, జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ మాత్ర రోజూ 1 మిల్లీగ్రాము రాశారు. ఆయనేమో నెట్‌లో ఏదో చదివేసి భయపడి రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు, అదీ సగం విరిచి, ఆ సగం నాకిచ్చి డబ్బాలో పెట్టమంటారు. నాకిప్పుడు నాలుగో నెల. నిన్ననే మా ఆడపడుచు ఆ మాత్ర నువ్వు ముట్టుకోకూడదు కదా అంది, అప్పట్నుంచి నిద్ర లేదు. ఇంకోటి, మా ఇంట్లో పిల్లి ఉంది, ఆయన తలకి మందు రాసుకుని దిండు మీద పడుకుంటే అది వచ్చి ఆ దిండే నాకుతుంది.

స్కిన్ డాక్టరమ్మ · డిసెంబర్ 3, 2024

కంగారు పడకండి కానీ ఈరోజుతో ఆపేయండి. మాత్ర పైపూతతో నిండుగా ఉన్నప్పుడు తాకినా పర్వాలేదు, విరిగినది, పొడి అయినది గర్భిణులు తాకకూడదు, కడుపులో మగబిడ్డ అయితే జననాంగాల ఎదుగుదల మీద ప్రభావం పడే అవకాశం ఉంది. ఒకటి రెండుసార్లు తాకినంత మాత్రాన ఏదో అయిపోయినట్టు కాదు, మీ గైనకాలజిస్ట్‌కి చెప్పండి, స్కానింగ్‌లో చూస్తారు. ఆయన మాత్రలు ఆయనే పెట్టుకోవాలి.

ఆయనకి చెప్పండి, నాటిన జుట్టుకి ఈ మాత్ర అంతగా అవసరం లేదు, అది తల వెనక నుంచి వచ్చింది, ఎక్కడ నాటినా దాని గుణం దాంతోనే ఉంటుంది, 1959లోనే ఓరెన్‌ట్రైక్ అనే డాక్టరు న్యూయార్క్‌లో ఇది రాశారు. మాత్ర మిగిలిన పాత జుట్టు కోసం. అది పోతే నాటింది మధ్యలో ద్వీపంలా మిగిలిపోతుంది. కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, మనసు దిగులుగా ఉండటం లాంటివి వస్తాయి, వస్తే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాలి, సగాలు విరుచుకోవడం దారి కాదు. 50 దాటినవాళ్ళు ప్రోస్టేట్ పీఎస్‌ఏ పరీక్ష చేయించుకునేటప్పుడు ఈ మాత్ర వేసుకుంటున్నామని చెప్పాలి, ఆ అంకెని ఇంచుమించు సగానికి తగ్గించి చూపిస్తుంది.

పిల్లి సంగతి మీరు అడిగినందుకు మెచ్చుకోవాలి. మినాక్సిడిల్ పిల్లులకి విషం, కొద్దిగా నాకినా ప్రాణం మీదకి రావొచ్చు. ఆయన్ని రాసుకున్నాక పూర్తిగా ఆరేదాకా కూర్చోమనండి, దిండు కవర్ రోజూ మార్చండి, ఆ గది తలుపు వేసేయండి. దాన్ని వెటర్నరీ డాక్టర్‌కి ఒకసారి చూపించండి, నురగలు కక్కడం, నీరసం, ఊపిరి ఎగబీల్చడం కనపడితే ఒక్క గంట కూడా ఆగొద్దు.

కాకినాడ కోడలు · డిసెంబర్ 4, 2024

పిల్లికి బానే ఉందండీ, చూపించాం. ఆయన్ని హాల్లో పడుకోబెట్టా.

బోడుప్పల్ బాలు · జనవరి 17, 2025

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చా. వెళ్ళకుండా ఉండాల్సింది. రెండున్నర నెలలు, అంటే సరిగ్గా అడుగంటిన టైము. ఉన్నది ఊడింది, కొత్తది రాలేదు, పైగా నెత్తి మీద ఎర్రగా చిన్న చిన్న పొక్కులు. భోగిమంట దగ్గర పెద్దనాన్న అందరి ముందు "ఏరా పట్నం నీళ్ళు పడలేదా, ఉన్న నాలుగూ పోయినయ్" అన్నాడు. మేనత్త ఆముదం సీసా ఇచ్చింది, పిన్ని ఉల్లిపాయ రసం అంది, పక్కింటి తాత మందారాకు. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు, నా రహస్యం కాపాడింది, అందుకు దండం. పెళ్లి సంబంధం వాళ్ళకి ఫొటో పంపాలంట, టోపీ పెట్టుకున్న ఫొటో పంపా. వాళ్ళు ఇంకోటి అడిగారు.

పొక్కులకి ఏం చేయాలి? ఆముదం రాసుకోవచ్చా?

స్కిన్ డాక్టరమ్మ · జనవరి 17, 2025

పొక్కులు కొత్త వెంట్రుక చర్మాన్ని చీల్చుకుని వచ్చేటప్పుడు లేస్తాయి, కొన్నిసార్లు లోపలే ముడుచుకుని ఇరుక్కుంటుంది. గోకొద్దు, పిండొద్దు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రోజుకి రెండుసార్లు పెట్టండి. పెద్దవై నొప్పి పెడితే, ఎక్కువగా వస్తుంటే చూపించుకోండి, పూత మందు సరిపోతుంది.

నూనె ఇప్పుడు రాసుకుంటే గ్రాఫ్టులకి ఏమీ కాదు, అది మొదటి నెల వరకే నిషేధం. కానీ పొక్కులు ఉన్నప్పుడు ఆముదం లాంటి జిడ్డు వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. పొక్కులు తగ్గాక వారానికోసారి కొబ్బరినూనె పెట్టుకుని కడిగేయండి, వెంట్రుక మెత్తగా ఉంటుంది, కొత్తది మాత్రం మొలిపించదు. ఉల్లిపాయ రసం వద్దు, మంట, దద్దురు తప్ప ఇప్పుడు మీకు ఏమీ రాదు.

బయోటిన్ మాత్రలు, అదే జుట్టుకని ఇచ్చే విటమిన్, ఎవరైనా ఇచ్చారా? వేసుకుంటుంటే రక్తపరీక్షకి ముందు చెప్పండి, థైరాయిడ్ రిపోర్టుని తారుమారు చేస్తుంది. థైరాయిడ్ లేనివాళ్ళు ఆ రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వస్తున్నారు.

గుండే నా గుండె (తిరుపతి) · జనవరి 17, 2025

నవ్వాలని లేదు సామీ ఈసారి. నాకు 27 ఏళ్ళప్పుడు సంబంధం వాళ్ళు ఫొటో రెండోసారి అడిగినారు. అర్థమైతాది.

బోడుప్పల్ బాలు · మార్చి 31, 2025

నిన్న ఉగాది. అయిదు నెలలు. ఏం రాయాలో తెలీక మూడుసార్లు చెరిపేశా. వస్తోంది. ముందు సన్నగా, వంకర టింకరగా, పసిపిల్లల నూగులా వచ్చింది, ఫిబ్రవరిలో కనపడీ కనపడనట్టు, ఇప్పుడు వేలు పెడితే తగులుతోంది. ఎడమ పక్క ఎక్కువ కుడి పక్క తక్కువ, సాయి అన్న చెప్పాడు సమానంగా రావు అని. వెనక భాగంలో తిమ్మిరి ఇంకా రూపాయి బిళ్ళంత ఉంది. మంగలి షాపుకెళ్ళి మొదటిసారి "ముందు తగ్గించకు" అన్నా, ఆ మాట అని ఎనిమిదేళ్ళయింది.

ఎండ దంచుతోంది, గొడుగేసుకుని తిరుగుతున్నా, ఆఫీసులో నవ్వుతున్నారు, నవ్వనీ.

ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగోడు · ఏప్రిల్ 1, 2025

వంకర టింకర ఏడాదికి సర్దుకుంటుంది. సంతోషం బాలూ. ఆ వెనక భాగం ఎవరికీ అమ్మకు, రెండో సిట్టింగ్ అని ఎవరన్నా ఫోన్ చేస్తే పెట్టేయ్.

బోడుప్పల్ బాలు · ఆగస్టు 17, 2025

శ్రావణమాసం, సంబంధం కుదిరింది, ముహూర్తం ఇంకా పెట్టలేదు. అమ్మాయికి నేనే చెప్పా మొత్తం, ఫొటోలతో సహా. వాచిన మొహం ఫొటో చూసి పది నిమిషాలు నవ్వింది, తర్వాత నవ్వు ఆపుకుని "నొప్పి పుట్టిందా" అని అడిగింది. తొమ్మిదిన్నర నెలలు. దువ్వెన కొన్నా.

ఇప్పుడు అసలు సమస్య. నిన్న అమ్మ చల్లగా ఒక మాట చెప్పింది. నవంబర్‌లో నా తలకి నీళ్ళు పోస్తూ పోస్తూ మొక్కుకుందంట, వాడికి జుట్టు వస్తే స్వామికి తలనీలాలు ఇప్పిస్తానని.

డాక్టరమ్మ గారూ, గుండు గీయించుకోవచ్చా? నేను ఏడవాలా నవ్వాలా తెలీట్లేదు.

సిద్దిపేట సాయి · ఆగస్టు 17, 2025

అన్నా నేను ఆఫీసుల ఉన్న, నవ్వాపుకోలేక బయటికొచ్చిన.

గుండే నా గుండె (తిరుపతి) · ఆగస్టు 17, 2025

మొక్కు బోడిగుండుకీ మోకాలికీ ముడి అనుకోవద్దు సామీ, సరైన చోటికే వచ్చినావు. స్వామికే మొట్టమొదటి ట్రాన్స్‌ప్లాంట్ జరిగింది తెలుసునా? పుట్టలో ఉన్నప్పుడు గొడ్డలి దెబ్బ తగిలి తల మీద ఒక చోట జుట్టు పోతే నీలాదేవి తన కురులు కోసి అక్కడ అతికించిందని మా ఊర్లో చెప్తారు, అందుకే తలనీలాలు అనే పేరు. డోనరు ఆమె, పేషెంటు ఆయన. గ్రాఫ్టుల లెక్క ఎవురూ రాసిపెట్టలేదు. రా, కల్యాణకట్ట దగ్గర నేనుంటా, నీకు ఆనవాలు కావాలంటే నా తలే మెరుస్తా ఉంటాది.

స్కిన్ డాక్టరమ్మ · ఆగస్టు 17, 2025

ముందు సంబంధం కుదిరినందుకు శుభాకాంక్షలు.

గీయించుకోవచ్చు. కత్తి చర్మం పైన ఉన్నదాన్నే తీస్తుంది, కుదురు లోపల ఎక్కడో ఉంది. నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటర్ లెక్కన మళ్ళీ వస్తుంది, పాతదీ నాటిందీ రెండూ. అయినా ఏడాది నిండాక అంటే నవంబర్ దాటాక వెళ్ళమంటాను, మిగిలిన మొలకలు కూడా వచ్చేస్తాయి, చర్మం తిమ్మిరి కూడా పోతుంది, తిమ్మిరి ఉన్న చోట తెగినా మీకు తెలియదు. బ్లేడు కొత్తదేనా చూసుకోండి. తల వెనక సన్నని తెల్ల చుక్కలు కనపడతాయి, ఎఫ్‌యూఈ మచ్చలు అవి, అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో ముందే అనుకోండి. రెండు వారాలు ఎండ తగలనివ్వొద్దు.

ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇస్తారు కదా, అలా ఇస్తే కుదరదా అని అమ్మగారిని అడిగి చూడండి.

బోడుప్పల్ బాలు · ఆగస్టు 18, 2025

అడిగా మేడమ్. "లక్ష పెట్టి డాక్టర్‌తో బేరం ఆడలేదు, దేవుడితో ఆడతావా" అంది. డిసెంబర్‌కి టికెట్లు చూస్తున్నా, అమ్మాయి వాళ్ళకి కూడా చెప్పేశా, పెళ్లి ముహూర్తం వేసవిలో పెట్టమన్నా, అప్పటికి ఎన్ని సెంటీమీటర్లు వస్తుందో వాళ్ళ నాన్నే వేళ్ళ మీద లెక్కేస్తున్నాడు. ఫొటోలు పెడతా. బిఫోర్, ఆఫ్టర్, మళ్ళీ బిఫోర్.